జేబుల్లో చేతులు

వంటగది బల్ల దగ్గర అత్తగారు బఠాణీలు ఒలుస్తున్నారు. ఎదురుగా కోడలు పెన్సిలు పట్టుకుని కూర్చుంది. ఆమె జపాను తరహాలో గీసిన బొమ్మల కథ, మాంగా పేజీ సాయంత్రానికల్లా పత్రికకు వెళ్లాలి. అత్తగారు ఆ పేజీలోకి తొంగి చూశారు.

"ఇన్నేళ్లకి కలిసిన అక్కాచెల్లెళ్లు ఇలా జేబుల్లో చేతులు పెట్టుకుని నిలబడతారటే?"

"అక్కడ చలిగా ఉంది అత్తయ్యా."

"వెనకాల ఐస్‌క్రీం బండి గీశావు కదే!"

"సరే, ఒప్పుకుంటున్నా. నాకు చేతులు గీయడం రాదు. ఇది ఇలాగే పంపితే పత్రికవాళ్లు చక్కగా తిప్పి పంపేస్తారు."

"మరి రోజూ పేపరు అంచుల మీదా, సబ్బు పెట్టెల మీదా గీసేదేంటి?"

"కళ్లు, జుట్టు. అవి బాగా వచ్చు."

"వచ్చినదాన్నే దిద్దుకుంటూ కూర్చుంటే రానిది ఎప్పుడొస్తుంది? ఇదిగో, నా చెయ్యి చూసి గీయి."

"కదలకండి మరి."

"కదలకపోతే కూరెలా అవుతుంది? నా పని నేను చేసుకుంటా, నీ పని నువ్వు చేసుకో."

కాసేపటికి పేపరు అంచుల నిండా చేతులే. మొదటివి ముల్లంగి దుంపల్లా ఉన్నాయి. చివరి చెయ్యి మాత్రం రెండు వేళ్ల మధ్య బఠాణీ కాయను నిజంగానే నొక్కుతోంది.

"అమ్మో, ఇది నాదే! ఆ బొటనవేలి వంకర చూస్తే మీ మామయ్య కూడా గుర్తుపడతారు. కానీ నీ బొమ్మలో అక్క పాతికేళ్ల పిల్ల కదే, దానికి ఈ ముడతల చెయ్యేంటి?"

"అక్కకే వయసు పెంచేస్తాను అత్తయ్యా. ముఖం, జుట్టు నాకు చిటికెలో పని. ఈ చెయ్యి మాత్రం ఇలాగే వెళ్లి చెల్లెలి బుగ్గ గిల్లుతుంది."