ఆఖరి కాల్ ముగిసేదాకా

అధ్యక్షులవారికి, వేదిక మీది పెద్దలకు, ఎదురుగా ఉన్న మిత్రులకు, కింద అంబులెన్సు ఫోన్ల దగ్గర కూర్చోవడం వల్ల ఈ సభకు రాలేకపోయిన సగంమందికి కూడా నా నమస్కారం.

అధ్యక్షులవారు నా గురించి చెప్పినవన్నీ వింటుంటే ఆ మహానుభావుడెవరో చూడాలనిపించి మా ఆవిడ వైపు తిరిగాను. తనూ నాలాగే వెతుకుతోంది. (నవ్వులు)

ముప్ఫై ఏళ్ళు అక్కడ ఏం వెలగబెట్టావని చుట్టాలు అడిగితే, ఒంటిమీదున్న చొక్కాకి బొత్తాం కుట్టానని చెబుతుంటాను. మన ఫోన్లు ఒక్క నిమిషం ఆగకూడదు, వాటిని నడిపే ప్రోగ్రామేమో నెలకోసారైనా మార్చాలి. అందుకని కొత్తగా వచ్చే కాల్స్‌ని కొత్త ప్రోగ్రాముకి పంపిస్తూ, పాతదాని మీద మాట్లాడుతున్నవాళ్ళ మాటలు పూర్తయ్యాక దాన్ని మెల్లగా తీసేయాలి. చెప్పడానికి ఇంతే. సూది గుచ్చుకోకుండా కుట్టడం నాకు నేర్పిన మనిషి మాత్రం రెండో వరసలో ఉన్నారు. నేనేం చెప్పబోతున్నానో తెలిసి, వద్దని చెయ్యి ఊపుతున్నారే, ఆ అక్కయ్యే. మూడేళ్ళ క్రితం దాకా ఆవిడ మన పెద్ద ఆపరేటరు.

ఇరవై రెండేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం కొత్త ప్రోగ్రాము ఎక్కించాను. పాతదాని మీద ఒక్క కాల్ మిగిలింది. ఇరవై నిమిషాలుగా అందులో మాటా పలుకూ లేదు. నాకేమో ఆకలి, అన్నం డబ్బా మూత తీసి పెట్టుకున్నాను. ఎక్కడో ఇరుక్కుపోయిన కాల్ అనుకుని పీకేసి, చేతులు కడుక్కుని కూర్చున్నాను.

గంట తర్వాత అక్కయ్య రెండంతస్తులెక్కి వచ్చి, "ఆవిడ బతికింది నాయనా," అన్నారు. ఎవరండీ అన్నాను నేను, కడుపు నిండినవాణ్ణి. "నువ్వు తీసేసిన కాల్‌లో ఉన్నావిడ. పడిపోయింది, నోట మాట రావడం లేదు. ఇల్లెక్కడో మావాళ్ళు కనుక్కునేదాకా ఆవిడ ఊపిరి వింటూ కూర్చున్నాను."

లైను తెగిన వెంటనే అక్కయ్య తిరిగి చేస్తే ఆవిడ పదకొండో రింగుకి గానీ ఎత్తలేదట. ఆ పదకొండు రింగులూ నేను వినలేదు గానీ ఇప్పటికీ లెక్కపెడుతుంటాను.

అక్కయ్య పైవాళ్ళకి నా పేరెత్తకుండా, లైను తెగిందని మాత్రం రాసిచ్చి, నన్ను వారం రోజులు హెడ్‌సెట్ తగిలించి తన పక్కన కూర్చోబెట్టారు. గోడమీది కాగితం, 'ఆఖరి కాల్ దానంతటది ముగిసేదాకా పాతదాన్ని తీయరాదు' అన్నది, ఆ వారం నా చేత్తో రాసిందే. అధ్యక్షులవారు ఇప్పుడు నామీద చర్య తీసుకోదలిస్తే నేను రిటైరవడానికి ఇంకా గంట టైముంది. (నవ్వులు)

అక్కయ్యా, మీరు నిలబెట్టిన ఉద్యోగంతోనే మా ఇల్లు గడిచింది. ఇన్నేళ్ళూ మీకు టీలు తెచ్చిచ్చాను గానీ, క్షమించమని అడగడానికి నాకు నోరు రాలేదు. ఇవాళ అందరి ముందూ అడుగుతున్నాను. అదిగో, ఇక చాలు, కూర్చోమని చెయ్యి ఊపుతున్నారు. ఎప్పుడూ ఇంతే ఆవిడ.

ఈ సభ మొదలైనప్పుడే, నా కుర్చీలోకి వస్తున్న చెల్లెమ్మ కింద ఈ నెల మార్పు మొదలుపెట్టింది. మీకెవరికీ తెలియలేదు, తెలియకపోవడమే మన పనికి దక్కే మెప్పు. ఇప్పుడే ఆ అమ్మాయి దగ్గర్నుంచి చీటీ వచ్చింది, చదువుతాను: "పాతదాని మీద ఒక్క కాల్ మిగిలింది. మాటల్లేవు. వింటున్నాం."

మా ఆవిడ కారు దగ్గర కాసేపు ఆగాలి. ఆ కాల్ ముగిశాకే నా ఆఖరి సంతకం. ఇంతకాలం నన్ను భరించిన మీ అందరికీ కృతజ్ఞతలు. సెలవు.