దూకే ముందు మాట

అట్లా తల అడ్డంగా ఊపితే ఇంత ఎత్తు మీంచి నాకేం అర్థమవుతుందే సెలీనా? ఈలలూ ఆటా ఆపేశారు చూడు అందరూ. మంచె అంచున నిలబడ్డవాడు ఏమైనా అనొచ్చు, కింద ఎవరూ నోరెత్తకూడదు. పెళ్ళాంతో సహా! దూకేవాడికి మనవాళ్ళు ఇచ్చిన సుఖం ఇదొక్కటే. ఇవాళైనా నా మాట వినక ఏం చేస్తావ్?

నాకు భయమేస్తోంది. ఇదిగో, ఊరంతా వినేలా చెప్తున్నా. నేల తగలకుండా ఆపే తీగలు చీలమండలకి బిగించారు గానీ, మంచె కొయ్యని నేనింకా వదల్లేదు.

మా అన్న వరిసుల్‌కి ఈ భయం ఉండేది కాదు. దుంపలు బాగా పండాలని దూకుతాం మనమంతా. వాడికి పంటా అక్కర్లేదు, పేరూ అక్కర్లేదు. తలకిందులుగా గాల్లో ఉండే ఆ కాసేపే కావాలి. నిరుడు "తీగ ఎండిపోయిందిరా, వద్దురా" అని పెద్దాయన మొత్తుకుంటే, "ఎండితే తేలిగ్గా ఉంటుందిలే తాతా" అని నవ్వుతూ ఎక్కాడు. తెగింది. ఎందుకు ఎక్కాడంటే ఏం చెప్తాం? ఆకలేసినవాడు ఎందుకు తిన్నాడంటే ఏం చెప్తాం?

నేనట్లాంటివాణ్ణా? పడవెక్కాలన్నా ఆకాశం చూసి, మళ్ళీ చూసి ఎక్కేవాణ్ణి. ఇదివరకోసారి ఇక్కడిదాకా వచ్చి దిగిపోయా, గుర్తుందా? ఎవరూ నవ్వలేదు. దిగొచ్చినవాణ్ణి చూసి మనవాళ్ళు నవ్వరు. "పోనీలే మరిదీ" అన్నావ్ నువ్వు కూడా.

ఇప్పుడు నీ మొగుణ్ణి. వాడు పోయాక పెద్దలు కలిపారు, నువ్వు కాదనలేదు. కానీ ఆ ఇంట్లో ముగ్గురం ఉంటున్నాం సెలీనా. ఆకుల్లో కాల్చిన దుంపల లాప్‌లాప్ విప్పి మొదటి ముక్క ఎవరికి తీసి పెడుతున్నావ్? వాకిట్లో అలికిడైతే గబుక్కున తలెత్తుతావే, నన్ను చూసి మళ్ళీ ఎందుకు దించేస్తావ్?

నాకూ కనిపిస్తాడే. ఇప్పుడూ వెనకే నిలబడ్డాడు. "కిందికి చూడకురా" అంటున్నాడు.

నన్ను ఎక్కమని నువ్వు ఒక్కనాడూ అనలేదు. పోనీ, నోరు తెరిచి వద్దనీ అనలేదు. అదే నన్ను ఎక్కించింది. వాడు ఇష్టంతో ఎక్కాడు, నేను నీ కోసం ఎక్కాను. కింద పడేటప్పుడు ఆ తేడా మట్టికి తెలుస్తుందంటావా?

సరే, ఆచారం సంగతి తర్వాత. నేను దూకడం నీకిష్టం లేకపోతే నన్ను పేరు పెట్టి పిలువు. బూలే అను, చాలు. తీగలు కోయించుకుని దిగొచ్చేస్తా. బతికినంత కాలం పిరికివాడిగా నీ పక్కన కూర్చుంటా.

ఏంటీ, అంతమందిని తోసుకుని వస్తున్నావ్? ఏడుస్తున్నావా? ఆఁ, పిలువు. ఇంకాస్త గట్టిగా, గాలి హోరులో వినబడ్డం లేదు.

వినబడింది.

నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోకు. కావాలని అనలేదులే, నాకు తెలుసు. భయంలో మనిషికి నోటికి దగ్గరున్న పేరే వస్తుంది.

పిలిచావుగా, వస్తున్నాడు నీ వరిసుల్. పక్కకి జరుగు.