కుడిచేతి వాచీ

మా ఆయన్ని పదకొండేళ్ళ కిందట వంతెన మీద మీవాళ్ళు కాల్చి చంపారండీ. ఏంటీ, ‘మీవాళ్ళు’ అనకూడదా? నిన్నటితో రెండు దేశాలూ ఒకటైపోయాయి కాబట్టి మనవాళ్ళనాలా? సరే, మనవాళ్ళే కాల్చారు. బావుందా? ఇప్పుడు రాయండి.

‘ప్రమాదం’ అని రాస్తారా! తూటా కాలుజారి వచ్చి వీపులో పడిందా గుమస్తా గారూ?

ఆహా, ఏం లాజిక్కు! సరిహద్దే లేని దేశంలో సరిహద్దు కాల్పులు ఉండకూడదట. పాత చావులు మళ్ళీ ఎక్కించే ఈ కొత్త రిజిస్టరు శుభ్రంగా ఉండాలట. నేను బడికెళ్ళింది నాలుగో క్లాసు దాకానే. కానీ ఈ ఊరి లైబ్రరీలో నేను చదవని బీరువా లేదు. నా దగ్గరా మీ తెలివి?

ఊరికి కొత్త కదా, వినండి. మా ఆయన కుట్టుమిషన్లు బాగుచేసేవాడు. రోజూ వంతెన దాటి అవతలి ఫ్యాక్టరీకి వెళ్ళొచ్చేవాడు. అవతలి టైము మా టైముకంటే అరగంట ముందు. అందుకే దాటేవాళ్ళందరికీ రెండు వాచీలు. ఎడమచేతికి మా టైము, కుడిచేతికి అవతలి టైము. నవ్వకండి!

వంతెన గేటు అవతలి టైము ప్రకారం ఆరింటికి మూసేవాళ్ళు, ఆ తర్వాత వంతెన మీద ఎవరు కనబడ్డా కాల్చేవాళ్ళు. ఆ సాయంత్రం కుడిచేతి వాచీ ఆగిపోయింది. ఎడమచేతిది చూసుకున్నాడు. ఆరుకింకా పది నిమిషాలుంది కదా అని వంతెనెక్కాడు. అరగంట కలుపుకోవాలని తట్టలేదు. రెండు వాచీలున్నవాడికి ఆ కూడిక అలవాటెక్కడిదండీ?

ఆ వాచీకి పొద్దున్నే కీ ఇచ్చే పని నాది. ఆ రోజు ఒక నవల చివరి పేజీల్లో ఉన్నాను. ‘ఇచ్చావా?’ అనడిగితే తలెత్తకుండా ‘ఆఁ’ అన్నాను. ఇవ్వలేదు. ఇన్నేళ్ళలో ఎవరికీ చెప్పలేదీ మాట. అదీ రాసుకోండి. కీ ఇవ్వనిది నేను. తుపాకీ పేల్చింది మాత్రం నేను కాదు.

ఒకటవ్వాలనే ఓటేశాను నేనూ. నిన్న గేటు పీకేస్తుంటే నిలబడి చూశాను, సంతోషమే వేసింది. కానీ కలవడమంటే చెరిపేయడమని మీకెవరు చెప్పారు?

సంతకమా? ‘ప్రమాదం’ కింద చచ్చినా పెట్టను. రిజిస్టరిలా తిప్పండి. పెన్ను ఇవ్వరా? నాదుంది లెండి.

పోలీసుల్ని పిలుస్తారా? పిలవండి. వాళ్ళొచ్చేలోపు రాయడం అయిపోతుంది.

ఇదిగో, మీ మాట కొట్టేశాను. పైన నాది చదువుకోండి: ‘కాల్చి చంపారు. నవంబరు పద్నాలుగు, మంగళవారం, సాయంత్రం ఆరూ ఇరవై, అవతలి టైము.’