గట్టు లేని చేను

సభకు అధ్యక్షత వహిస్తున్న మా ప్రధానోపాధ్యాయులు కృష్ణప్ప గారికి, బడి కమిటీ చైర్మన్ ఉచ్చీరప్ప గారికి, తోటి ఉపాధ్యాయులకు, కూలి మానుకొని వచ్చిన తల్లిదండ్రులకు, ఎండలో కూర్చున్న పిల్లలకు నమస్కారం. పిల్లలూ, షామియానా కిందికి జరగండి. పెద్దలు కాస్త చోటివ్వండి.

నాకు మాటలు తక్కువ. ఎమ్మిగనూరు బస్సు దిగి క్లాసుకు పోవడం, గంట కొట్టాక మళ్ళీ బస్సెక్కడం, ఇంతే నా ఉద్యోగం. సరస్వతి మేడం ఇందాక నా గురించి చెప్పిన మంచి మాటల్లో సగం నాకే తెలియవు. మిగతా సగం ఆమె తెలుగు టీచరు కాబట్టి వచ్చినవి. (నవ్వులు)

శాలువా కప్పారు, సంతోషం. అయితే కృష్ణప్ప గారు తమ ప్రసంగంలో ఒక మాట చెప్పారు. జయరాం సార్ రిటైరై వెళ్ళిపోతున్నారు కాబట్టి శనివారం చివరి పీరియడ్‌ను ఇకమీదట స్లిప్ టెస్టులకు వాడుకుంటామని. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. ఎందుకు కొట్టలేదో చెప్పి దిగిపోతాను.

నేను తీసుకునే ఆ పీరియడ్‌లో పాఠం ఉండదు, మార్కులు ఉండవు. పిల్లలు ఏదైనా అడగొచ్చు. ఈ ఏడు వానలు పడి పత్తి మొలకెత్తిన రోజుల్లో ఒక శనివారం తనిఖీకి వచ్చిన అధికారి ఒకాయన వెనక బెంచీలో కూర్చున్నాడు. పేరు చెప్పను. అప్పుడే మన లింగమ్మ కూతురు సంతోషి లేచింది. "సార్, విశ్వం పెద్దగా అయితాందని చెప్తిరి గదా. దేంట్లోకి పెద్దగా అయితాంది?"

అధికారి ఇది ఏ పాఠంలోదని అడిగాడు. ఏ పాఠంలోదీ కాదన్నాను. బయటికి వచ్చాక ఆయన నాతో మెల్లగా అన్నాడు. "దీపావళి దాటితే అమ్మానాన్నలతో సుగ్గికని ఊరు విడిచి కూలికి పోయే పిల్లలు వీళ్ళు. పత్తి తీయాలి, మిరపకాయలు కోయాలి. వీళ్ళకు విశ్వం ఎందుకండీ?" మీకెందుకో వీళ్ళకూ అందుకే అన్నాను. ఆయనకు నచ్చలేదు. రిపోర్టులో ఏం రాశాడో నాకు అక్కర లేదు. ఆ రోజు అన్న మాటే ఇప్పుడు మైకులో అంటున్నాను.

ఆ సాయంత్రం టీ కొట్టు దగ్గర ఉచ్చీరప్ప గారు ఈ సంగతి విని, "అంత పెద్దగా అయితాందంటే ఎవురి సేన్లోకి గట్టు జరుపుతాండారు సార్?" అని అడిగారు. (నవ్వులు) నవ్వకండి. మన దిక్కు చేను పెరిగిందంటే పక్కవాడి చేను తరిగినట్టే. ఆయన ఆ గట్టు కోసమే ఆదోని కోర్టు చుట్టూ తిరుగుతున్నారు.

(సభలోంచి ఉచ్చీరప్ప గారు: "ఇంగా తెగలేదు సార్.")

తెగుతుందిలే అన్నా.

మరుసటి శనివారం పిల్లల్ని ఆయన చేనికే పిలుచుకుపోయాను. పత్తి మొలకల మధ్య నిలబెట్టి, ఈ చేనికి ఏ దిక్కునా గట్టు లేదనుకోండి అన్నాను. కలుపు తీస్తున్న లింగమ్మ నడుం ఎత్తింది. "గట్టు లేని సేను యాడన్నా ఉంటాదా సార్?"

"ఉంటాదనుకోమ్మా, సార్ చెప్పేది విను," అంది సంతోషి.

మొక్కలు లావెక్కవు, ఉన్నచోటనే ఉంటాయి. మొక్కకూ మొక్కకూ మధ్య ఎడం పెరుగుతుంది, అంతే. గెలాక్సీల మధ్య జరిగేది అదే. ఏ మొక్క దగ్గర నిలబడినా మిగతావన్నీ దూరమవుతున్నట్టే కనబడతాయి, అందుకని ఫలానాది నడిమధ్య అని చెప్పలేం. విశ్వం ఎవరి చేనిలోకీ పోవడం లేదు. పెరగడానికి దానికి బయట ఒక చోటు ఉండాల్సిన పని లేదు.

"మల్ల మన ఇండ్లు గూడా ఎడం పోతాండాయా?" అంది లింగమ్మ. లేదమ్మా, భూమి, ఊరు, ఇల్లు గట్టిగా పట్టుకొని ఉంటాయి, అవి విడిపోవు అన్నాను. "అట్లయితే సరే," అని మళ్ళీ కలుపులోకి వంగింది. (నవ్వులు)

ఆ గట్టు లేని చేను నిజంగా ఎంత దూరముందో, దానికి చివర ఉందో లేదో సంతోషి అడిగింది. తెలీదన్నాను. నాకే కాదు, ఇంతవరకు ఎవరికీ తెలీదన్నాను. స్లిప్ టెస్టులో తెలీదని రాస్తే సున్నా వేస్తాం. ఆ జవాబుకు చోటున్న పీరియడ్ వారానికి అదొక్కటే.

(కృష్ణప్ప గారు ఏదో అనబోయారు.) ఉండండి సార్, ముగించేస్తాను.

వచ్చే నెల సగం ఊరికి తాళాలు పడతాయి. సంతోషి కూడా పోతుంది. కిందటేడు సుగ్గి నుంచి తిరిగి వచ్చాక ఆ పిల్ల బడి మానేస్తానంది. పాఠాలు దాటిపోయాయి, టెస్టుల్లో అన్నీ తప్పులే. అప్పుడు లింగమ్మ నాతో, "శనివారం ఒక్కదినం పోతానంటాది సార్, మిగతా దినాలు పోనంటాది," అంది. ఆ ఒక్కదినం రమ్మన్నాను. అట్లా వచ్చింది, వస్తూ వస్తూ మిగతా రోజులకూ అలవాటు పడింది. సుగ్గి నుంచి వచ్చిన పిల్ల టెస్టులో వెనకబడుతుంది. ప్రశ్న అడగడంలో వెనకబడదు. ఆ ఒక్క పీరియడ్ తీసేస్తే ఈసారి ఆమె తిరిగి ఏ క్లాసుకు వస్తుంది? స్లిప్ టెస్టులు పెట్టేది పదో తరగతి ఫలితం కోసం, దాన్ని శాతాల్లో చూపిస్తారు. రాకుండా పోయిన పిల్ల ఆ శాతంలో కనబడదు.

సార్, మీ మీద నాకు కోపం లేదు. పై నుంచి మీకు ఒత్తిడి ఉందని తెలుసు. కానీ ఈ పని తప్పు. రిటైరయ్యేవాడు మంచి మాటలు చెప్పి పోవాలంటారు, నాకు చేతకావడం లేదు. ఆ పీరియడ్ నాకివ్వమని అడగడం లేదు, పిల్లలకు ఉంచమంటున్నాను. ఎవరు తీసుకున్నా సరే. ఉంచకపోతే శనివారం బడి వదిలాక ఊళ్ళో నేనే కూర్చుంటాను. లింగమ్మను వాళ్ళింటి అరుగు అడిగాను. "పత్తి మూటలు లోపలికేస్తాలే, రాండి సార్," అంది. దానికి ఎవరి అనుమతీ అక్కర లేదు. సుగ్గికి పోయినవాళ్ళు తిరిగి వచ్చేదాకా ఉన్నవాళ్ళతో కూర్చుంటాను, వచ్చాక వాళ్ళతోనూ కూర్చుంటాను.

వచ్చే శనివారానికి సంతోషి నిన్ననే ఒక ప్రశ్న ఇచ్చింది. దానికి నా దగ్గర జవాబు లేదు. వెతుక్కోవాలి, ఇంటికి పోయి పుస్తకాలు దించాలి. ఓపికగా విన్నందుకు అందరికీ కృతజ్ఞతలు. సెలవు.