ఏడో పిడి

హలో… ఆ, నేనే. అక్కనే. కాస్త గట్టిగా మాట్లాడు, పక్క కొట్లో రంపం ఆడుతోంది.

…

ఆ, వచ్చింది మీ కాగితం. పొద్దున్నే వచ్చింది. అప్పట్నుంచి మూడుసార్లు చేశాను, ఎత్తావా? వడ్రంగుల సంఘం కార్యదర్శిగారికి సొంత అక్క ఫోను ఎత్తే తీరిక ఎక్కడిది!

…

చదివానురా. కళ్లజోడు పెట్టుకుని మరీ చదివాను. సభ్యుల జాబితా, పదిహేడో వరస. నా పేరు. పక్కన… "మాజీ వడ్రంగి".

ఎవరు రాశారది?

…

నువ్వే. బాగుంది.

…

గౌరవంగానా? మాజీ మంత్రి అంటే అర్థముంది, ఆయన కుర్చీ పోయింది. నాకేం పోయిందిరా?

…

మూడు వేళ్లు. అవును. చూపుడు వేలు, నడిమి వేలు, ఉంగరం వేలు. కుడిచేతివి. కోత మిషను ఆ సంగతి నీకంటే ముందు నాకే చెప్పింది.

…

నవ్వకపోతే ఏం చెయ్యను? నువ్వూ నవ్వు. ఎనిమిది నెలలైంది, ఇంకా ఆ సంతాపం గొంతేంటి?

…

వద్దు. సభలో నన్ను మొదటి వరసలో కూర్చోబెట్టి చప్పట్లు కొట్టొద్దు. అయినా కుర్చీ ఎవరు చేసింది?… ప్లాస్టిక్ కుర్చీలా! వడ్రంగుల సంఘంలో! సిగ్గులేదురా మీకు.

…

సరే, మాట మార్చకు. సంఘం నాకప్పగించిన గ్రంథాలయం బల్లల సంగతి చెప్పు. జాబితాలో మాజీ అని పడితే ఆ పని నేను చెయ్యకూడదు. అంతేగా? ఎవరికిస్తావు?

…

ఎవరికి?… ఆ మేకుల మేస్త్రికా! జాయింటు వెయ్యరా అంటే మేకు దిగ్గొడతాడు వాడు! నా బల్లలు వాడి చేతికా?

…

నా బాధ నువ్వు పడకు. విను. మొత్తం ఎనిమిది బల్లలు. చెయ్యి పాడవకముందు మూడు చేశాను, తర్వాత రెండు. మొన్న వచ్చి అన్నీ తడిమి చూశావుగా. ఒకదాని అంచు పట్టుకుని "ఇదక్కా నీ పాత చెయ్యి" అని నిట్టూర్చావు. గుర్తుందా?

అది పోయిన నెలలో చేసిందిరా.

…

ఆ, నువ్వు నిట్టూర్చిన బల్లే.

…

ఎవరూ సాయం చెయ్యలేదు. ఒట్టు. ఇదివరకు ఎడమచేతిలో ఉలి, కుడిచేతిలో చెక్క సుత్తి. ఇప్పుడు తారుమారు చేశాను. అంతే… ఉండు, ఫోను బల్ల మీద పెడుతున్నాను. విను.

…

…

విన్నావా? ఎనిమిది దెబ్బలు. ఒక్కటైనా తడబడిందా?

…

నాకు తెలుసురా నీకు భయమని. ఆసుపత్రిలో నాకంటే నువ్వే ఎక్కువ ఏడ్చావు. నేనూ ఏడ్చాను, కాదనను. ఆరు వారాలు ఉలి మొహం చూడలేదు. చచ్చిపోతే బావుణ్ణనిపించింది కూడా. తర్వాత కోపమొచ్చింది. ఆ కోపంతోనే పనిలో కూర్చున్నాను.

…

అసలు వడ్రంగి అని ఎవర్నంటారు మీ సంఘంలో? చెప్పు. కొత్తవాళ్లకి నువ్వేగా చెప్పేది.

…

ఆ. తన ఉలికి తనే పిడి చేసుకున్నవాణ్ణి. తర్వాత?… ముగ్గురు పెద్దలు ఆ పిడి పట్టుకుని చూస్తారు. వాళ్లలో ఎవరి చేతికీ కుదరకూడదు, చేసినవాడి చేతికే కుదరాలి. అప్పుడు పేరు పక్కన వడ్రంగి అని రాస్తారు. మరి ఇందులో వేళ్లు లెక్కపెట్టమని ఎక్కడుందిరా?

…

లేదు కదా. నాన్న మంచం పట్టిన మూడేళ్లూ గ్లాసు కూడా పట్టుకోలేకపోయాడు. అయినా పోస్ట్‌మాన్ గుమ్మంలో నిలబడి "వడ్రంగిగారూ" అనే పిలిచేవాడు. మాజీగారూ అన్నాడా? ఆ మాటకి ముందు ఏదీ అతికించకు. దానికి దన్ను అక్కర్లేదు.

…

చేశాను. ఈ చేతికి కొత్త పిడి, అదే చెప్పబోతున్నాను. అమ్మ మంచం కోడు దాచాను చూడు, దాన్ని కోసి ఏడు పిడులు చేశాను. ఆరు పొయ్యిలోకి పోయాయి. ఏడోది నిలబడింది. బొటనవేలికి ఒక పల్లం, చిటికెన వేలికి ఒక కొక్కెం, వెనకవైపు అరచేతిలో ఇమిడేలా గుండ్రం. నీ అయిదు వేళ్లతో పట్టుకుని చూడు, చేపలా జారిపోతుంది.

…

ఇవాళ నాలుగింటికి కొత్తవాళ్ల పిడులు చూస్తున్నారుగా? నేనూ వస్తాను. ఆ వరసలో నిలబడతాను.

…

రూలు ఒప్పుకోదా? ఏ రూలు?… వయసా? వయసు గురించి ఎక్కడుంది?… సంఘం పరువా!

ఒరేయ్. రూలు గురించి నువ్వు నాకు చెప్పకు. నీ పిడి మాట ఎత్తమంటావా?

…

మర్చిపోయావా? నేను మర్చిపోలేదు. ఇరవై రెండేళ్లయింది. పరీక్ష ముందురోజు నీ పిడి నిలువునా చీలింది. ఏడ్చుకుంటూ వచ్చావు. నేను కూర్చుని చేసిచ్చాను. మర్నాడు ఆ ముగ్గురు పెద్దల్లో మూడో చెయ్యి ఎవరిది?

…

నాదే. పట్టుకున్నాను. ఎంత బాగా కుదిరిందిరా! కుదరదూ మరి, నా చేత్తో చూసుకుంటూ చేసిందే కదా. అంతమంది ముందు, "కుదరలేదు" అన్నాను. చెక్క విషయంలో నేనాడిన అబద్ధం అదొక్కటే.

…

ఛ, బెదిరించట్లేదు. చచ్చినా ఎవరికీ చెప్పను. ఆ తర్వాత నువ్వు నిజంగా పనిమంతుడివయ్యావు. అందుకే ఆ అబద్ధానికి నేను సిగ్గుపడను. ఇప్పుడెందుకు చెప్తున్నానంటే… నాకోసం ఎవరూ అబద్ధం ఆడక్కర్లేదు. ఈ పిడి నిజంగానే ఇంకెవరికీ కుదరదు.

…

జాబితా నీ ముందే ఉందా?

…

అయితే పెన్ను తియ్యి. జాబితా అయిదింటికిగా అచ్చుకి వెళ్లేది? ఆ "మాజీ" కొట్టెయ్. పదిహేడో వరసలోంచి నా పేరు తీసి కింద, కొత్తవాళ్ల దగ్గర రాయి. వృత్తి గడి మాత్రం ఖాళీగా వదులు. నాలుగింటికి పిడి చూసి, అప్పుడు రాయి. ఈ చేతికి ఎనిమిది నెలలే. ఇది ఇంకా ఏ సంఘంలోనూ చేరలేదు.

…

ఒక్క షరతు. పట్టుకునే మూడు చేతుల్లో ఒకటి నీదవ్వాలి. గట్టిగా పట్టుకుని చూడు. కుదిరితే కుదిరిందనే చెప్పు.

…

ఏడుస్తున్నావా? పిచ్చోడా, చేతులు తుడుచుకుని రా. తడిచేత్తో పిడి పట్టు తెలీదు.

…

ఆ, ఆ. నాలుగింటికి. ఉంటాను… ఇక్కడ జిగురు ఆరిపోతోంది, పెట్టెయ్.