పెద్దాయన పేరు

కిర్గిజ్ కొండల్లో ఒక పల్లె. సాయంత్రం టీ వేళ. అత్త ఊల్కాన్, కోడలు జీపర్.

"నిన్న ఫోన్ ఎవరు చేశారత్తయ్యా?"

"ఏ ఫోను?"

"మీ ఫోనే."

"నాకెవరు చేస్తారే? టీ చల్లారిపోతోంది, తాగు."

"నేనింకా పోసుకోనేలేదు."

"పోసుకో మరి. పాలన్నీ అమ్ముడుపోయాయా?"

"పాల సంగతి తర్వాత. నిన్నటి నుంచీ మీరు రొట్టె ముక్క ముట్టలేదు. పడుకుంటే అటూ ఇటూ దొర్లుతున్నారు. ఏమైందంటే మోకాలు నొప్పంటారు."

"మోకాలు నొప్పే."

"మోకాలు నొప్పైతే అక్తోష్‌ని చూసి మొహం తిప్పుకోవడం దేనికి? రోజూ మీ చేత్తో ఎముక వేస్తే గానీ ఆ కుక్క కదలదు. ఇవాళ పాపం వాకిట్లో తోకాడిస్తూ నిలబడితే, మీరేమో లోపలికొచ్చి తలుపేసుకున్నారు."

"కుక్క ఊసెత్తకు జీపర్."

"ఎత్తనులెండి. దారిలో ఊరి ఆఫీసు సోనున్ కనిపించింది. 'మీ అత్తయ్యకి కబురు అందిందా? బాగా ఏడ్చిందా?' అని అడిగింది. ఏ కబురని నేనే ఎదురడిగాను. రష్యా నుంచి ఎవరో అడిగితే మీ నంబరు తనే ఇచ్చిందట."

"ఎవరిచ్చారూ? మన సోనునా?"

"మన సోనునే."

"అయితే వాడు దొంగ కాడా?"

"ఎవడు?"

"ఎవడూ లేడు."

"అత్తయ్యా!"

"అరవకే. చెప్తాను. చేశాడొకడు. నువ్వు ఆవుల దగ్గరున్నావు. ఎత్తగానే 'సుయుంచు అమ్మా, సుయుంచు!' అని ఒకటే సంబరం. మంచి కబురు తెచ్చినవాడు ముందు కానుక అడిగి మరీ నోరు విప్పుతాడు, అది మన మర్యాద. ఆ మాటకి ఏమీ ఇవ్వనని ఎవరం అనం. కానీ వాడి మాట ముక్కలుముక్కలుగా ఉంది. పుట్టిందీ పెరిగిందీ రష్యాలోనేనట, మన భాష నాయనమ్మ దగ్గర నేర్చుకున్నాడట. ఈ మాట కూడా నేర్చేసుకున్నార్రా దొంగ వెధవలు అని నాకు ఒళ్ళు మండింది."

"కబురేమిటో అడిగారా?"

"అడగనిస్తేనా! వాడే అడగడం మొదలెట్టాడు. మీ ఇంటిపేరేంటి, మీ ఆయన ఎప్పుడు పుట్టాడు, ఆయన తండ్రి యుద్ధానికి వెళ్ళాడా, తిరిగొచ్చాడా... అన్నీ వాడికే కావాలి. నీకెందుకురా అంటే, 'మీరే చెప్పాలమ్మా, నేను ముందు చెప్పకూడదు' అంటాడు. నువ్వేగా నాకు నేర్పావు? ఇలా అడిగేవాడు దొంగేనని?"

"నేర్పాను. నేనే నేర్పాను."

"పక్కింటి బాత్మాకి ఇలాగే కదా పెన్షనంతా ఊడ్చేశారు! 'వాళ్ళు ముందు ఇంట్లోవాళ్ళ పేరొకటి చెప్పి నమ్మిస్తారత్తయ్యా, ఆ తర్వాత మిగతావన్నీ లాగుతారు' అని నన్ను కూర్చోబెట్టి మరీ అప్పజెప్పించుకున్నావు."

"అవునత్తయ్యా. వాడు కూడా పేరేదైనా చెప్పాడా?"

"చెప్పాడు."

"ఎవరిది?"

"ఆవిడది."

"ఏ ఆవిడది?"

"మా అత్తగారిది. ఒక చెంచా దొరికిందట. దాని వెనక ఆవిడ పేరు గీసి ఉందట."

"గుల్సున్ అవ్వ పేరా?"

"అబ్బ, నా ముందు పేరెత్తకు! చెవులు కాలిపోతాయి నాకు."

"మీరు అనకూడదు గానీ నేను అంటే ఏం? నేను పట్నం పిల్లని, నాకీ పట్టింపులు లేవని పెళ్ళినాడే చెప్పాను."

"నాకున్నాయి. అత్తమామల పేర్లు నా నాలిక మీదికి ఈనాటిదాకా రాలేదు."

"తెలుసు. శుక్రవారాన్ని, అదే జుమాని కూడా మీరు 'గురువారం మర్నాడు' అంటారు. పెద్దాయన, మీ మామగారి పేరులో సగం ఆ రోజే కదా అని. సరే, చెంచా అన్నాడు. మీరేమన్నారు?"

"అయ్యో అన్నాను. నోరు జారింది. వాడు దాన్ని పట్టేసుకున్నాడు. 'అయితే మీకు తెలుసన్నమాట! ఆమె భర్త పేరు చెప్పండమ్మా, ఒక్క పేరు!' అంటాడు. నువ్వు చెప్పినట్టే జరుగుతోందనుకున్నాను నేను. ముందు ఒక పేరు, తర్వాత మిగతావన్నీ. ఆవిడ పోయి ఇన్నేళ్ళయింది, ఆవిడ పేరు కూడా దొంగల నోట్లో పడిందా అని కడుపు రగిలిపోయింది."

"ఫోన్ పెట్టేశారా?"

"పెట్టేస్తే బాగుండేది."

"మరి?"

"ఇంకో టీ పొయ్యి."

"పోస్తాను. పెట్టెయ్యకుండా ఏం చేశారు?"

"వాణ్ణి ఆటపట్టిద్దామనుకున్నాను. చెప్పాను ఒక పేరు."

"ఏం పేరు?"

"ఏదో పేరు."

"ఏ పేరత్తయ్యా?"

"అక్తోష్. అలా చూడకు."

"మన కుక్క పేరా?"

"తండ్రి పేరు కూడా అడిగాడు. బోయ్‌నోక్ అన్నాను."

"అది పాత కుక్క పేరు కదా!"

"అందులో అబద్ధమేముంది? దీని తండ్రి అదే కదా."

"అయ్యో అత్తయ్యా..."

"నవ్వుతున్నావా?"

"నవ్వో ఏడుపో నాకే తెలియడం లేదు. సోనున్ ఏం చెప్పిందో తెలుసా? ఆ ఫోన్ చేసినవాళ్ళు ఆనాటి జర్మనీ యుద్ధంలో పోయినవాళ్ళ కోసం అడవుల్లో తవ్వుతారట. ఎవరి నుంచీ ఏమీ ఆశించరట. అక్కడ మట్టిలో ఒక మనిషి దొరికాడట. జేబులో కాగితం ఉందట గానీ కుళ్ళిపోయి మన ఊరి పేరొక్కటే మిగిలిందట. ఇంకా ఆ చెంచా. అంతే. అందుకే ఊరి ఆఫీసుకి ఫోన్ చేసి, ఆ పేరుగల ఆవిడ ఏ ఇంటి మనిషని అడిగారట."

"ఎముకలు దొరికాయా?"

"దొరికాయట."

"ఆ మాట వాడు నాకెందుకు చెప్పలేదే?"

"మీరు చెప్పనిచ్చారా?"

"చెప్పబోయాడు. చివర్లో ఏదో అన్నాడు. 'ఆయన్ని మీ దగ్గరికి పంపమంటారా, ఇక్కడే పెట్టమంటారా' అని. ఆయనెవరో, పంపడమేంటో... డబ్బు కట్టించుకుని ఏదో పెట్టె పంపేవాళ్ళు ఉన్నారని టీవీలో చెప్పలేదూ? అదేననుకున్నాను."

"మీరేమన్నారు?"

"జీపర్, నన్ను తిట్టకు."

"ఏమన్నారు?"

"అక్కడే పాతుకో, మాకెందుకు అన్నాను. తిట్టు. పోనీ తిట్టవే!"

"తిట్టడానికి నాకు నోరేదీ? మీకు నేర్పింది నేను."

"నువ్వు నోరు కట్టుకోమన్నావు, అంతే. పెద్దాయనకి కుక్క పేరు పెట్టమనలేదుగా. అది నా సొంత తెలివి. ఫోన్ పెట్టేశాక కూడా నాకెంత గొప్పగా ఉందో తెలుసా? నువ్వు రాగానే చెప్పి మెప్పు కొట్టేద్దామనుకున్నాను. పెట్టె తెరిచేదాకా."

"ఏ పెట్టె?"

"నా పెట్టె. నీలం చపాన్ ఉందిగా అందులో. ఏటా మంచు కరగ్గానే ఎండలో ఆరేస్తాను."

"మామయ్య కోటు కదా అది?"

"మీ మామయ్యది కాదు, ఎవరిదీ కాదు. అత్తగారు తన చేత్తో దూది పెట్టి కుట్టింది. యుద్ధానికి వెళ్ళిన తన భర్త కబురు తెచ్చినవాడికి సుయుంచుగా ఇవ్వాలని. బతికాడన్నా, పోయాడన్నా, తెచ్చినవాడికి ఇచ్చెయ్యమంది. పోయేముందు నా చేతిలో పెట్టింది. 'కోడలా, వాడు వచ్చేసరికి నేనుండను, నువ్వుంటావు' అంది. నిన్న వాడు సుయుంచు అన్నప్పుడు నాకు గుర్తే రాలేదే! చెంచా అన్నా గుర్తు రాలేదు. ఫోన్ పెట్టేసి, శాలువా కోసం పెట్టె తెరిస్తే పైనే ఉంది."

"అప్పుడే నాకు చెప్పి ఉండాల్సింది."

"ఏమని చెప్పను? ఇన్నేళ్ళు దాచిన చపాన్ పట్టుకుని నిలబడి, తెచ్చినవాడి చేతిలో కుక్క పేరు పెట్టానని చెప్పనా? అప్పటికీ దొంగే, దొంగే అని సర్దిచెప్పుకున్నాను. నిన్నటి నుంచీ అదే జపం."

"ఆ చెంచా మీద ఆవిడ పేరే ఎందుకు గీసుకున్నాడో పాపం."

"అదే నన్ను చంపుతోంది. ఆవిడకి ఆయన మీద ఒకటే ఫిర్యాదు ఉండేది. 'నన్ను ఒక్కనాడు పేరు పెట్టి పిలవలేదే. ఏయ్ అనేవాడు, అంతే. అసలు నా పేరు తెలుసో లేదో' అనేది. నవ్వుతూనే అనేది. తెలుసునే ఆయనకి. చెంచా మీద పెట్టుకుని తిన్నాడు. ఆ మాట ఆవిడ వినకుండానే పోయింది, నేను విని కూడా..."

"ఏడవకండి. ఫోన్ ఇటివ్వండి. నంబరుందిగా."

"వద్దే! వాడితో ఏ మొహం పెట్టుకుని మాట్లాడను?"

"ఫోన్లో మొహం కనపడదు. నేను మాట్లాడతాను, మీరు వినండి చాలు. ఉండండి, స్పీకర్లో పెడతాను... మోగుతోంది."

"పనిలో ఉన్నాడేమో, పెట్టెయ్."

"అలో? ఎల్దాన్‌ని. ఎవరండీ?"

"అన్నా, నేను జీపర్‌ని. నిన్న మీరు మా అత్తయ్యతో మాట్లాడారు. ఊల్కాన్ అమ్మతో."

"ఊల్కాన్ అమ్మా! ఉన్నారా ఆవిడ? బాగున్నారా? నేను నిన్న మాట సరిగ్గా చెప్పలేకపోయాను. భాష తిన్నగా రాదు. ఆవిడకి కోపం వచ్చింది. రాత్రంతా బాధపడ్డాను."

"విన్నారా అత్తయ్యా? బాధపడ్డాడట."

"విన్నాను. ఎందుకు పొడుస్తావు?"

"అన్నా, ఆయన్ని ఇంకా పూడ్చలేదు కదా?"

"రేపు పొద్దునండి. మొత్తం పదకొండు మందిని ఒకేచోట పెడుతున్నాం. పది మందికి పేర్లు దొరకలేదు. మీ పెద్దాయన ఒక్కరికే పేరుంది. అమ్మ చెప్పారు కాబట్టి."

"ఏ పేరు?"

"అదే, అమ్మ చెప్పినదే. పలక మీద రాశాం. నేనే రంగు వేశాను, మీ అక్షరాలు తప్పు రాకూడదని. రేపు అందరి ముందూ చదువుతాం. 'అక్తోష్, బోయ్‌నోక్ కొడుకు' అని. అలో? వినపడుతోందా?"

"వినపడుతోందన్నా. మీరు... నమ్మేశారా? సరిచూసుకోలేదా?"

"ఎలా సరిచూస్తామండీ, కాగితం కుళ్ళిపోయింది. ఊరి ఆఫీసులో పాత కాగితాలు ఏనాడో కాలిపోయాయట. అయినా అంత పెద్దావిడ, సొంత ఇంటి మనిషి గురించి అబద్ధమాడుతుందా? చాలా అందమైన పేరమ్మా అది. మా వాళ్ళందరికీ పలకడం నేర్పాను... అక్కడేంటి, ఏదో అరుస్తోంది?"

"ఏం లేదన్నా, వాకిట్లో... అక్తోష్! నోర్ముయ్! అక్తోష్!"

"జీపర్ గారూ, ఇప్పుడు మీరు ఎవర్ని పిలిచారు?"

"అది... అన్నా, అదీ..."

"ఫోన్ నాకివ్వు జీపర్."

"మీరుండండి అత్తయ్యా. అన్నా, తప్పు మాదే, నేను చెప్తాను అసలు పేరు. రాసుకోండి. జు..."

"ఆగవే! నువ్వు చెప్పకు. కుక్క పేరు చెప్పింది ఈ నోరే, ఇదే చెప్పాలి. బాబూ, ఎల్దాన్! పిలిచింది మా కుక్కని. వింటున్నావా?"

"వింటున్నానమ్మా."

"నీకేమీ అనాలని లేదా?"

"ఏమనమంటారమ్మా? రంగు ఇంకా ఆరలేదు. తుడిచేస్తాను."

"నిన్ను దొంగవనుకున్నాను నాయనా. నువ్వు సుయుంచు అడిగితే నేను ఇచ్చింది అది. నీ కానుక మా ఇంట్లోనే ఉంది, నువ్వు పుట్టకముందే మా అత్తగారు కుట్టి పెట్టింది. నీలం చపాన్. వచ్చి తీసుకో."

"అమ్మా, నాకు చపాన్ వద్దు. నాకు పేరు కావాలి."

"రెండూ తీసుకో. ఆయన్ని అక్కడ పూడ్చకు. గుట్ట మీద తన సమాధి పక్కన ఎవరినీ పెట్టొద్దని మా అత్తగారు చెప్పి పోయింది, ఆ చోటు ఇంకా ఖాళీగానే ఉంది. చెంచా కూడా పంపు. ఇప్పుడు రాసుకో."

"చెప్పండమ్మా."

"ఉండు. మంచినీళ్ళు అందివ్వు జీపర్... చాల్లే. ఈ ఇంటికి కోడలిగా వచ్చాక ఎన్నడూ అనలేదు, నాలిక తిరుగుతుందో లేదో."

"తొందరేం లేదమ్మా."

"ఉంది. ఆయనకి ఉంది. జుమాదిల్. మా మామగారి పేరు జుమాదిల్, మా అత్తగారు గుల్సున్... వినబడిందా? గట్టిగా అనమంటే అంటాను నాయనా. జుమాదిల్!"