‘ఒకవేళ’కు గడి గీసిన సాలమోనుగారు

1972 ఆగస్టు 16, బుధవారం ఉదయం రాజోలు బస్సు దిగి, తడిసిన గొడుగును గుమ్మం బయటే ఉంచి, శ్రీ సాలమోనుగారు అమలాపురంలోని మన గణాంక కార్యాలయంలో గుమాస్తాగా విధుల్లో చేరారు. అంచెలంచెలుగా ఎదిగి గణాంకాధికారి పదవిని అధిష్ఠించి, ముప్పై అయిదేళ్ల నిష్కళంక సేవానంతరం నేడు, 2007 జులై 31న, విశ్రాంతి పొందుతున్నారు.

ఈ అభినందన రాసే బాధ్యతను అటెండరు కాంతమ్మకు అప్పగించినది కూడా వారే. “ఎనిమిదో తరగతి చదువుకి ఇంత బరువా అండీ? తప్పులు పడితే?” అని ఆమె బెదిరితే, “పడనివ్వండి, దిద్దడానికి గుమాస్తా బెన్నీగారున్నారు కదా” అన్నారు.

1996 నవంబరు తుఫాను కోనసీమ కొబ్బరిని నేలకూల్చిన మరుసటి ఏడాది, అంతర్వేది వైపు ఒక ఊళ్లో తుఫాను షెల్టరుకు స్థలం ఎంపిక చేసే పని వారికి వచ్చింది. కాంతమ్మ కుమార్తె శ్రీవాణి కాపురం ఆ ఊళ్లోనే. బడి ఆవరణ, చెరువుగట్టు, ఇసుకదిబ్బ మూడింటికీ నేల ఎత్తు, దారి, ఇళ్లకు దూరం చూసి వారు మార్కులు వేశారు. బడికి డెబ్బై ఎనిమిది, దిబ్బకు డెబ్బై ఆరు వచ్చాయి. పై అధికారి ప్రకాశరావుగారు సంతకానికి కలం తీశారు. టీ గ్లాసులు పెడుతున్న కాంతమ్మ నోరు ఆగలేదు.

“ఒకవేళ బడి దారిలో తూము కొట్టుకుపోతేనండీ?”

“నీకన్నీ ఒకవేళలే కాంతమ్మా! ఆకాశం ఊడిపడితేనో అని కూడా అడుగు,” అని ప్రకాశరావుగారు నవ్వేశారు.

సాలమోనుగారు నవ్వలేదు. “ఆయ్, అడగనివ్వండి. తూము నిలుస్తుందన్న నమ్మకం మీదే కదండీ దారికి మార్కులేసేం. ఒక్క తూముతో కొట్టుకుపోయే రెండు మార్కులు గెలుపెలా అవుతాయండీ?”

ఆ సాయంత్రమే వారు కాగితం చివర కొత్త గడి గీసి, పైన ‘ఒకవేళ’ అని రాశారు. తూము తెగితే, ‘సుమారు ఆరడుగులు’ అన్న బడి నేల ఎత్తు అయిదే అయితే, దూరానికి విలువ పెంచితే అంటూ పన్నెండు విధాలుగా లెక్క మార్చి చూశారు. దిబ్బ తొమ్మిదిసార్లు మొదట నిలిచింది. ఓడిన మూడుసార్లూ దూరం వల్లే ఓడింది. ముసలివారు, చూలింతలు అంత దూరం నడవలేరు. అందుచేత దిబ్బనే సిఫారసు చేస్తూ, హెచ్చరిక రాగానే నడవలేనివారి కోసం ట్రాక్టరు సిద్ధంగా ఉంచాలని కూడా రాశారు.

ఆ గడి తరువాత ప్రతి ఫైలులోకీ ఎక్కింది. కొత్తగా చేరిన బెన్నీగారు అది సర్కారు నమూనాలోదే అనుకుని, తన ఫైలులోని నలభై ఊళ్లకూ ‘ఒకవేళ: లేదు’ అని శ్రద్ధగా నింపేశారు. “బెన్నీగారూ, ఒకవేళ లేని ఊరు కోనసీమలో ఉంటే చెప్పండి, నేనూ కాపురం మార్చేస్తాను,” అన్నారు సాలమోనుగారు.

రెండేళ్లకు దిబ్బ మీద షెల్టరు భవనం లేచింది. ఆ మరుసటి వర్షాకాలంలో వాయుగుండం పట్టి, బడి దారిలో తూము నిజంగానే కొట్టుకుపోయింది. శ్రీవాణి అప్పుడు ఎనిమిదో నెల చూలాలు. కబురు లేదు. కాంతమ్మ పచ్చి మంచినీళ్లయినా ముట్టలేదు. జరగకూడనివన్నీ ఆమె మనసులో ఒక్కొక్కటిగా జరిగిపోయాయి. సాలమోనుగారు ఫోను పక్కనే కుర్చీ వేసుకు కూర్చుని, మర్నాడు మధ్యాహ్నానికి లేచి వచ్చారు.

“కాంతమ్మగారూ, మీ అమ్మాయి ట్రాక్టరెక్కి దిబ్బ మీదకి చేరిందంటండీ. వేడన్నం తిని పడుకుందంట.”

ఆమె గుమ్మంలోనే కూలబడి ఏడ్చింది. దణ్ణం పెట్టబోతే వారు వెనక్కి జరిగి, “నాకెందుకండీ? మీరు అడిగేరు, నేను గీసేను” అన్నారు.

నెల తరువాత పుట్టిన మనవరాలు సత్యప్రియే నేడు వారికి పూలగుత్తి అందిస్తుంది.

కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. కీడెంచడమే తెలిసిన తల్లి భయానికి కాగితం మీద చోటిచ్చి, దానిచేతనే మేలు చేయించిన సాలమోనుగారు, సహధర్మచారిణి సువర్ణగారితో కలిసి, కంటిచూపు తగ్గక, కాలిసత్తువ సడలక నూరేళ్లూ దాటాలని మనమందరం ప్రార్థిద్దాం. వారి రాబోయే ఏళ్లకు మాత్రం ఆ గడిలో బెన్నీగారు రాసిందే నిలవాలి.

ఒకవేళ: లేదు.